ఆగిపోయిన పెన్షన్ ఫైళ్ళను కదిలించిన అందరికీ కృతజ్ఞతలు

రిటైర్మెంట్ వయసు రాకముందే, ఉద్యోగంలో ఉండగానే కన్నుమూసిన మున్సిపల్ కార్మికుల కుటుంబాలకు పెన్షన్ కాగితాలు పెట్టించే పనిలో మాకు తోడు నిలిచిన అందరికీ నమస్కారాలు. పేర్లు రాయడం లేదు. చాలామంది ఉద్యోగాల్లో ఉన్నవారు, వద్దన్నారు. ఎవరి సాయం ఎందుకంత విలువైనదో మాత్రం వివరంగా రాస్తున్నాం. ఇంకో ఊళ్ళో ఒక మేస్త్రికో, వార్డు సచివాలయంలో పనిచేసే పిల్లకో రేపు ఇదే అవసరం పడొచ్చు.

అన్నిటికంటే ముందు, "పదేళ్ళు నిండలేదు కదమ్మా, పెన్షన్ రాదు" అన్న మాట విని ఇంటికి వెళ్ళిపోతున్న ఆడవాళ్ళను వెనక్కి పిలిచినవారికి దండాలు. ఆ మాట పూర్తిగా తప్పు. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్న పారిశుధ్య కార్మికులు, డ్రైవర్లు, వాటర్ వర్క్స్ సిబ్బంది పీఎఫ్‌తోపాటు 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో, అంటే ఈపీఎస్‌లో సభ్యులు. పదేళ్ళ సర్వీసు, 58 ఏళ్ళ వయసు అనేవి కార్మికుడు బతికుండి తన పెన్షన్ తాను తీసుకోవడానికి పెట్టిన షరతులు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే ఆ రెండూ వర్తించవు. కనీసం ఒక్క నెల చందా జమై ఉంటే చాలు, భార్యకు లేదా భర్తకు, పిల్లలకు పెన్షన్ వస్తుంది. చనిపోయిన మర్నాటి నుంచే లెక్క. దరఖాస్తు ఆలస్యమైతే మధ్య కాలపు బకాయి కలిపి ఇస్తారు. ఏనాడో ఆశ వదులుకున్న ఇళ్ళకు వెళ్ళి ఈ ఒక్క ముక్క చెప్పినవారికి ఎంత రుణపడ్డామో మాటల్లో పెట్టలేం.

ఎంత వస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. కార్మికుడు చనిపోయిన రోజునే రిటైరైనట్టు లెక్కగడితే వచ్చే పెన్షన్, పథకంలోని 'సి' పట్టిక ప్రకారం జీతాన్ని బట్టి వచ్చే మొత్తం, కనీస పెన్షన్ 1,000 రూపాయలు, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అది భార్యకు ఇస్తారు. మొదటిదాని సూత్రం: ఆఖరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. పెన్షన్‌కు లెక్కలోకి వచ్చే జీతం గరిష్ఠంగా 15,000. ఆ పరిమితి 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది, అంతకుముందు సర్వీసుకు 6,500. సర్వీసంతా ఆ తర్వాతదే, సగటు జీతం 15,000, పదేళ్ళు పనిచేశారనుకుంటే భార్యకు నెలకు సుమారు 2,143 రూపాయలు. దాంతోపాటు ఇద్దరు పిల్లలకు ఒక్కొక్కరికి అందులో నాలుగో వంతు, అంటే దాదాపు 536 చొప్పున. మొత్తం 3,215. చిన్న మొత్తమే, కాదనం. కానీ నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు.

పిల్లల వాటా విషయంలో మమ్మల్ని దిద్దిన ఒక పీఎఫ్ ఉద్యోగికి ప్రత్యేక కృతజ్ఞతలు. ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇళ్ళలో "ఇద్దరికే కదా" అని మిగతావారి పేర్లు క్లెయిములో రాయకుండా వదిలేస్తుంటారు. అది పెద్ద నష్టం. ఒకే సమయంలో ఇద్దరికి ఇస్తారన్నది నిజం. కానీ పెద్దబిడ్డకు 25 ఏళ్ళు నిండగానే ఆ స్థానంలోకి తర్వాతి బిడ్డ వస్తుంది. కాబట్టి అందరి పేర్లూ, పుట్టిన తేదీలూ మొదటి దరఖాస్తులోనే ఉండాలి. వైకల్యంతో ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా జీవితాంతం వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని పిల్లలకు వాటా నాలుగో వంతు కాదు, ముప్పావు. భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె పెన్షన్ ఆగుతుంది, పిల్లలకు ఆ ముప్పావు వాటా మొదలవుతుంది. ఇద్దరు భార్యలున్న చోట ముందు పెళ్ళైన ఆమెకు, ఆమె తదనంతరం రెండో ఆమెకు చెల్లుతుంది. కర్మకాండ రోజే గొడవలు మొదలైన ఇళ్ళలో, పెద్దమనుషుల మధ్య కూర్చుని ఈ నియమాన్ని ఓర్పుగా చెప్పి ఇరుపక్షాలనూ ఒప్పించిన వార్డు పెద్దలకు చేతులెత్తి మొక్కుతున్నాం.

ఏజెన్సీల ఆఫీసుల్లో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాళ్ళ గురించి చెప్పాలి. కార్మికుడు పోయాక పీఎఫ్ పోర్టల్‌లో యజమాని నమోదు చేయాల్సినవి రెండు: ఉద్యోగం ముగిసిన తేదీ, ముగిసిన కారణం. కారణం దగ్గర 'సర్వీసులో ఉండగా మరణం' అని పడాలి. తొందరలో మామూలుగా మానేసినట్టు పెడితే, లేదా పోయిన తేదీకి రెండు నెలల ముందు జీతం ఆగిందని ఆ పాత తేదీనే వేస్తే, రికార్డు ప్రకారం ఆ మనిషి ఉద్యోగం వదిలాక చనిపోయినట్టు లెక్క. అప్పుడు ఒక్క నెల చందా నియమం అడ్డం తిరుగుతుంది, బీమా డబ్బూ ప్రశ్నలో పడుతుంది. జబ్బు చేసి ఆస్పత్రిలో ఉండి చనిపోయినవారి విషయంలో ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది, మస్టరులో హాజరు ఉండదు కాబట్టి. అలాంటి ఫైళ్ళలో సెలవు చీటీలు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితాలు వెతికి తెచ్చి, "ఈయన పేరు రోల్స్‌లోనే ఉంది, తీసెయ్యలేదు" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్లకు, మస్టరు పుస్తకాలు పాతబడినా పారేయకుండా దాచిన మేస్త్రిలకు మా కృతజ్ఞతలు. ఆ పాత పుస్తకాలే సాక్ష్యమైన సందర్భాలు లెక్కలేనన్ని.

జీతంలో పీఎఫ్ కోసి జమ చేయని కాంట్రాక్టర్ల వల్ల వచ్చే చిక్కు మరోటి. పాస్‌బుక్కులో కొన్ని నెలలు ఖాళీగా కనిపిస్తాయి. ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సింది, కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమానిగా మున్సిపాలిటీదే బాధ్యత. కాబట్టి ఫిర్యాదు ఏజెన్సీ మీద మాత్రమే కాదు, కమిషనరు గారికీ ఒక ప్రతి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోవాలి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, కోత చూపించే జీతం చీటీ, మస్టరు నకలు జతచేయాలి. ఆ నకళ్ళు తీయించుకోనిచ్చి, ప్రతి పేజీ మీదా సంతకం చేసిచ్చిన హెల్త్ సెక్షన్ గుమస్తాల మేలు మరువలేం.

ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరు, తీయడం చాలా ఊళ్ళలో జరిగింది. ఒకే మనిషికి రెండు మూడు నంబర్లు. పాత నంబరు కింద ఆరేళ్ళ సర్వీసు ఉండిపోతే పై సూత్రంలో ఆ ఆరేళ్ళూ లెక్కకు రావు. అందుకే క్లెయిముతోపాటు తెల్లకాగితం మీద పాత ఖాతా నంబర్లన్నీ రాసి పెట్టాలి. బతికున్న కార్మికులకు దీని మీద ఒక విన్నపం: ఏజెన్సీ మారినప్పుడు పీఎఫ్‌తోపాటు పెన్షన్ డబ్బు కూడా 10సి ఫారంతో తీసేసుకోవద్దు. చేతికొచ్చేది కొద్దిపాటి వేలు. పోయేది అప్పటిదాకా చేసిన సర్వీసు మొత్తం.

పేర్ల తేడాలు సరిచేయడంలో సాయపడ్డవారు ఎందరో. లక్ష్మి పేరును ఒకచోట 'కేఎస్‌హెచ్' అని, ఇంకోచోట 'ఎక్స్' అని రాస్తారు. పీఎఫ్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. మరణ ధ్రువపత్రంలో అందరూ పిలిచే పేరు. మనిషి పోయాక ఆయన ఆధార్ దిద్దించడం కుదరదు కనుక, కుటుంబ సభ్యులు, యజమాని కలిసి సంతకం చేసే జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. 2024 మే నుంచి, మరణ కేసుల్లో ఆధార్ జతపడని ఖాతాలకు కాగితం మీద ఇచ్చిన క్లెయిములనే అధికారి అనుమతితో పరిష్కరించే వెసులుబాటు వచ్చింది. కౌంటరులో "ఆధార్ లింకు లేదు, కుదరదు" అంటే ఆ మాట దగ్గరే ఆగిపోకుండా ఈ వెసులుబాటు గురించి అడగాలి. అసలు చిక్కు రాకుండా ఉండాలంటే మరణ నమోదు దగ్గరే జాగ్రత్త పడాలి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు, పైగా ఆధార్ చేతిలో పట్టుకుని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చూసి రాయించవచ్చు. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్ళి, ఆధార్ ఫోటో తీసుకొచ్చి, ఆ పని తమ చేతుల మీదుగా చేసిపెట్టిన ఆశా కార్యకర్తలకు, సచివాలయం సిబ్బందికి కృతజ్ఞతలు.

కాగితాల జాబితా పెద్దదేమీ కాదు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, భార్య, పిల్లల ఆధార్, పిల్లల వయసు రుజువు, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ లేదా రద్దు చేసిన చెక్కు, ఫోటోలు. పిల్లల పేరు మీద కూడా బ్యాంకు ఖాతాలు తెరిచి ఉంచుకుంటే మంచిది. తల్లి ఉంటే మైనర్ల తరఫున ఆమె సంతకం సరిపోతుంది. తల్లి కూడా లేని పిల్లల విషయంలో సంరక్షకత్వానికి కోర్టు కాగితం అడిగేవారు. డబ్బు నేరుగా పిల్లల ఖాతాల్లోకే వెళ్ళేటప్పుడు దానికోసం పట్టుబట్టవద్దని 2025లో పీఎఫ్ సంస్థ చెప్పింది. పీఎఫ్ డబ్బుకు 20, పెన్షన్‌కు 10డి, బీమాకు 5ఐఎఫ్ అని పూర్వం మూడు ఫారాలు విడివిడిగా ఉండేవి. ఇప్పుడు మరణ కేసులకు ఒకే ఉమ్మడి ఫారం ఉంది. మూడు గడులూ టిక్ చేశారో లేదో చూసుకోవాలి. పీఎఫ్ గడి మాత్రమే టిక్ చేసి, డబ్బు వచ్చేసిందని ఊరుకున్న కుటుంబాలు ఉన్నాయి.

కార్మికుడు బతికుండగానే ఆన్‌లైన్‌లో ఈ-నామినేషన్ పూర్తి చేసి ఉంటే ఇదంతా ఎంతో తేలిక. నామినీ తన ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చే ఓటీపీతో ఇంటి నుంచే క్లెయిము వేసుకోవచ్చు. పెళ్ళికి ముందు తల్లి పేరు రాసినవారు పెళ్ళయ్యాక తప్పకుండా కొత్తగా రాయాలి. ఈపీఎస్ పెన్షన్ అయితే భార్యాపిల్లలు ఉన్నప్పుడు నామినేషన్‌లో ఎవరి పేరున్నా వారికే చెందుతుంది. ఈ సంగతి తెలియక అత్తాకోడళ్ళు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళు ఉన్నాయి. ఉదయం ఐదు గంటల హాజరు దగ్గరే ఫోన్లు పట్టుకుని నిలబడి, కార్మికుల చేత ఈ-నామినేషన్లు చేయించిన డిగ్రీ కాలేజీ పిల్లలకు మా ఆశీస్సులు.

బీమా గురించి కార్మికులకు తెలిసింది చాలా తక్కువ. పీఎఫ్‌తో అనుబంధంగా ఉండే ఈడీఎల్‌ఐ అనే పథకానికి కార్మికుడి జీతం నుంచి పైసా కోయరు, యజమానే కడతాడు. పన్నెండు నెలల సగటు జీతానికి 35 రెట్లు, దానికి పీఎఫ్ ఖాతా సగటు నిల్వలో సగం కలిపి ఇస్తారు. ఆ రెండో భాగం 1,75,000 దాటదు, మొత్తం 7 లక్షలు దాటదు. సగటు జీతం 12,000, సగటు నిల్వ 80,000 అయితే 4,20,000కు 40,000 కలిపి 4,60,000. పెన్షన్ చిన్నదైనా ఈ మొత్తం కుటుంబాన్ని అప్పుల నుంచి గట్టెక్కిస్తుంది. క్లెయిము సక్రమంగా అందాక 20 రోజుల్లో పరిష్కరించాలి. ఆగిపోతే పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయడం ఒక దారి. ప్రతి నెలా 27న జిల్లాల్లో జరిగే 'నిధి ఆప్కే నికట్' కార్యక్రమానికి కాగితాలతో నేరుగా వెళ్ళడం ఇంకో దారి. మా అనుభవంలో రెండోదే త్వరగా తేలింది. అక్కడ కూర్చుని, సాయంత్రం వేళ దాటినా ఒక్కో ఫైలు తెరిచి చూసిన అధికారులకు ధన్యవాదాలు.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా సంస్థ, వైద్యులకు, బ్రాంచి ఆఫీసు సిబ్బందికి వేరే చెప్పాలి. తెల్లవారుజామున రోడ్డు ఊడుస్తూ వాహనం గుద్ది చనిపోయినవారు ఎందరో మన ఊళ్ళలో ఉన్నారు. పనిలో గానీ, ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో గానీ ప్రమాదం జరిగి చనిపోతే, ఈపీఎస్ పెన్షన్ కాక ఈఎస్‌ఐ నుంచి ఆశ్రితుల ప్రయోజనం వస్తుంది. సగటు రోజు వేతనంలో 90 శాతం. భార్యకు అందులో ఐదింట మూడు వంతులు, ఒక్కో బిడ్డకు ఐదింట రెండు వంతులు. అందరివీ కలిపి పూర్తి రేటు దాటితే దామాషాలో తగ్గిస్తారు. రోజు వేతనం 500 అయితే పూర్తి రేటు 450. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ముప్పై రోజుల నెలకు 13,500. పీఎఫ్ పెన్షన్‌తో పోలిస్తే ఎంత తేడానో చూడండి. ఇంత పెద్ద ప్రయోజనం చేజారేది ఒకే ఒక్క చోట: యజమాని ప్రమాద నివేదిక వెంటనే పంపకపోతే. "మామూలు రోడ్డు ప్రమాదం" అని పోలీసు కేసుతో సరిపెట్టేస్తారు. ఎఫ్‌ఐఆర్‌లో డ్యూటీలో ఉన్నట్టు, లేదా డ్యూటీకి వెళుతున్నట్టు రాయించడం, ఆ రోజు మస్టరు నకలు తీసి పెట్టడం, పోస్టుమార్టం నివేదిక తెచ్చుకోవడం, ఈ మూడూ మొదటి వారంలోనే జరగాలి. దహన ఖర్చులకు ఈఎస్‌ఐ 15,000 దాకా ఇస్తుంది, దానికి మూడు నెలల్లోపు అడగాలి. మార్చురీ బయట మాతోపాటు రాత్రంతా నిలబడి, స్టేషన్‌కు వచ్చి, వాంగ్మూలంలో ఆ ఒక్క వాక్యం రాయించిన తోటి కార్మికులకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు ఇవేవీ పరిహారానికి బదులు కావు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. పెన్షన్ వచ్చింది కదా అని దాన్ని అడగకుండా ఊరుకోవద్దు. ఈ తీర్పు ప్రతిని తెలుగులో చదివి వినిపించి, కలెక్టరేట్‌కు అర్జీ రాసిపెట్టిన లాయర్లు ఒక్క రూపాయి తీసుకోలేదు.

పర్మనెంటు ఉద్యోగుల కుటుంబాల సంగతి కొంత వేరు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి 1980 పెన్షన్ నియమాల కింద ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. నిర్ణీత సర్వీసు ఉంటే మొదట కొన్నేళ్ళు ఆఖరి జీతంలో సగం, తర్వాత 30 శాతం. డెత్ గ్రాట్యుటీ, మిగిలిన ఆర్జిత సెలవుల డబ్బు అదనం. ఇక్కడ ఫైలు ఆగేది సర్వీసు రిజిస్టరు దగ్గర. బదిలీ అయిన మున్సిపాలిటీలో వార్షిక సర్వీసు ధ్రువీకరణ వేయకపోవడం, జీతం లేని సెలవు రోజులకు ఉత్తర్వు లేకపోవడం, కుటుంబ వివరాల ఫారం ఎప్పుడో పెళ్ళికి ముందుది కావడం, ఇవే మాటిమాటికీ కనిపించే లోపాలు. ఆడిట్ వాళ్ళు అభ్యంతరం రాసి వెనక్కి పంపితే ఆరు నెలలు పోతాయి. పంపకముందే రిజిస్టరు పేజీ పేజీ తిరగేసి, లోపాలు పెన్సిలుతో గుర్తుపెట్టి ఇచ్చిన రిటైర్డ్ సూపరింటెండెంట్లు ఉన్నారు. కళ్ళజోడు సర్దుకుంటూ వాళ్ళు గీసిన ఆ పెన్సిలు గీతలు ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టాయో. తుది ఉత్తర్వు వచ్చేలోగా తాత్కాలిక ఫ్యామిలీ పెన్షన్ మంజూరు చేయమని అడిగే హక్కు ఉందని చెప్పిందీ వాళ్ళే.

ఆ తేదీ నుంచి చేరి సీపీఎస్‌లో, అంటే జీతం నుంచి చందా కట్టే పెన్షన్ పథకంలో, ఉన్నవారు సర్వీసులో చనిపోతే, ఫ్యామిలీ పెన్షన్ ఎంచుకునే అవకాశాన్ని ఆంధ్రప్రదేశ్ 2017లో, తెలంగాణ 2021లో కల్పించాయి. ఫ్యామిలీ పెన్షనా, సీపీఎస్ నిధిలోని డబ్బా అన్నది కుటుంబం తేల్చుకోవాలి. ఆ నిర్ణయం అయ్యేదాకా ప్రాన్ ఖాతా (సీపీఎస్ డబ్బు జమయ్యే ఖాతా) విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టవద్దు. ఖర్చులకు డబ్బు కావాలన్న తొందరలో దినం రోజుల్లోనే సంతకం పెట్టించేవారు ఉంటారు. ఆ సమయంలో చేయి పట్టుకుని ఆపిన బంధువులకు, స్నేహితులకు వేయి దండాలు.

పెన్షన్ మొదలయ్యాక కూడా పని ఉంటుంది. ఈపీఎస్ పెన్షన్‌దారులు ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్, అంటే బతికే ఉన్నామన్న డిజిటల్ ధ్రువపత్రం, ఇవ్వాలి. నవంబరులోనే ఇవ్వాలన్న నియమం వీరికి లేదు, ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు చెల్లుతుంది. గడువు దాటితే డబ్బు ఆగుతుంది, పెన్షన్ రద్దయిందని భయపడి ఊరుకుంటారు. మళ్ళీ ఇస్తే ఆగినదంతా కలిపి పడుతుంది. ఏళ్ళ తరబడి చీపురు, పార పట్టిన చేతుల వేలిముద్రలు యంత్రం మీద పడవు. ముఖం గుర్తింపు యాప్‌తో ఇంటికే వచ్చి చేసిపెడుతున్న బ్యాంకు మిత్రలకు, పోస్ట్‌మ్యాన్‌లకు ఈ నెలలో కూడా కొన్ని ఇళ్ళు మిగిలి ఉన్నాయి. జాబితా మేస్త్రి దగ్గర ఇచ్చాం. మీ ఓపికకు ముందుగానే కృతజ్ఞతలు.